బాట పోతే బస పోతుంది

పర్యాటకాభివృద్ధి అనగానే మన పాలకులకు ముందుగా స్ఫురించేవి విశాలమైన రోడ్లు, రోప్‌వేలు, నక్షత్ర హోటళ్లు. ఏటా ఎన్ని లక్షలమంది వచ్చి వెళ్లారన్నదే విజయానికి కొలమానం. ఆ వచ్చినవారు ఎన్ని రాత్రులు ఉన్నారు, వారు ఖర్చుపెట్టిన రూపాయిలో ఎన్ని పైసలు ఆ ఊరివారి చేతికి చేరాయి అన్న ప్రశ్నలకు ఆ లెక్కల్లో చోటు ఉండదు. ఈ ధోరణికి భిన్నమైన మరో విధమైన పర్యాటకం దక్షిణాసియా కొండ ప్రాంతాల్లో కొన్ని దశాబ్దాలుగా వేళ్లూనుకుంటున్నది. నాలుగైదు రోజులపాటు కాలిబాట పట్టి నడవడం, పొద్దు వాలే వేళకు దారిలోని ఒక పల్లెలో, ఒక రైతు ఇంట బస చేయడం, వారు వండినది తినడం, తెల్లవారి మళ్లీ నడక సాగించడం ఇందులోని విధానం.

కేంద్ర ప్రభుత్వం కూడా ఇటీవల ఈ దిశగా దృష్టి సారించింది. 2024 అక్టోబరులో ప్రారంభించిన గిరిజన గ్రామాభివృద్ధి కార్యక్రమంలో భాగంగా వెయ్యి గిరిజన హోంస్టేలను ప్రోత్సహిస్తామని ప్రకటించింది. కొత్త గదుల నిర్మాణానికి 5 లక్షల రూపాయల వరకు, ఉన్నవాటి మరమ్మతుకు 3 లక్షల వరకు సాయం అందిస్తామన్నది. 2025-26 బడ్జెట్ ప్రసంగంలో ఆర్థిక మంత్రి హోంస్టేలకు ముద్రా రుణాలు ఇస్తామన్నారు. ఇవి స్వాగతించదగిన నిర్ణయాలే. అయితే రుణం అందుతుంది, గది లేస్తుంది. ఆ గది గుమ్మం దాకా అతిథిని నడిపించుకొచ్చే బాట సంగతేమిటి? ఈ ప్రశ్నకు సమాధానం వెతకకుండా గదులు కట్టించుకుంటూ పోవడం చెరువు తవ్వకుండా తూము నిర్మించడం వంటిదే.

మజిలీల సంప్రదాయం

నడక ప్రయాణం మనకు విదేశాల నుంచి దిగుమతి అయిన వినోదం కాదు. కాశీకి పోయినవాడూ కాటికి పోయినవాడూ ఒకటేనని మన పెద్దలు అన్నది ఆ నడకలోని కష్టం తెలిసే. 1830లో మద్రాసు నుంచి కాశీకి బయలుదేరిన ఏనుగుల వీరాస్వామయ్య తన యాత్రా చరిత్రలో ప్రతి మజిలీనీ నమోదు చేశాడు. ఆ ఊళ్లో నీళ్లున్నాయా, అంగళ్లున్నాయా, దిగడానికి చోటున్నదా అన్న వివరాలు అందులో అడుగడుగునా కనిపిస్తాయి. మజిలీకో కథ చొప్పున సాగే కాశీమజిలీ కథలు తెలుగు పాఠకుల ఇళ్లలో తరతరాలుగా నిలిచిపోయాయి. బాటకూ బసకూ గల సంబంధం మన సాహిత్యంలోనే భాగమైపోయింది.

హిమాలయాల్లో ఈ సంబంధం చట్టీల రూపంలో ఉండేది. హృషీకేశ్ నుంచి బదరీ, కేదార క్షేత్రాలకు యాత్రికులు కాలినడకన సాగే రోజుల్లో, దారి పొడవునా కొద్ది మైళ్లకొకటిగా చట్టీ అనే చిన్న విడిది ఉండేది. అక్కడి దుకాణంలో పిండి, పప్పు, బియ్యం కొన్నవారికి వంటపాత్రలూ, రాత్రి పడకకు చోటూ వేరే రుసుము లేకుండా దొరికేవి. సమీప గ్రామాల ధాన్యానికి, నేతికి, పాలకు, కట్టెలకు ఆ చట్టీలే మార్కెట్టు. 1962 చైనా యుద్ధం తర్వాత సరిహద్దు రక్షణ అవసరాల దృష్ట్యా రోడ్ల నిర్మాణం వేగం పుంజుకున్నది. బస్సులు వచ్చాయి. వృద్ధులకూ, రోగులకూ దైవదర్శనం సులభమైంది. అది కాదనలేని మేలు. కానీ వారాల తరబడి సాగే ప్రయాణం రెండు మూడు రోజులకు కుదించుకుపోవడంతో చట్టీలు పాడుపడ్డాయి. యాత్రికుల డబ్బు దారి పొడవునా చిల్లరగా రాలడం మానివేసి, హృషీకేశ్, హరిద్వార్‌ల వద్దా, రోడ్డు పక్కనున్న కొద్ది పట్టణాల వద్దా టోకుగా పోగుపడసాగింది.

ఉత్తరాఖండ్ ప్రభుత్వం నియమించిన వలసల కమిషన్ 2018లో వెలువరించిన నివేదిక ప్రకారం 2011 తర్వాత ఆ రాష్ట్రంలో 734 ఊళ్లు పూర్తిగా నిర్జనమయ్యాయి. ఇందుకు రోడ్డు ఒక్కటే కారణమనడం సత్యదూరమవుతుంది. చదువు, వైద్యం, ఉపాధి లేకపోవడం, అడవిపందుల, కోతుల బెడద వల్ల సేద్యం గిట్టుబాటు కాకపోవడం అసలు కారణాలు. అయితే ఊరి నడుమ నుంచి సాగిన బాట ఒకప్పుడు తెచ్చిన నగదు ఆదాయం, రోడ్డు వచ్చాక ఊరిని పక్కనపెట్టి సాగిపోయిందన్నది కూడా అంతే నిజం.

అన్నపూర్ణ నేర్పిన పాఠం

ఈ విషయంలో మన పొరుగు దేశమైన నేపాల్ అనుభవం ఎంతైనా పరిశీలించదగినది. 1964లో జిమ్మీ రాబర్ట్స్ అనే విశ్రాంత సైనికాధికారి అక్కడ తొలి ట్రెకింగ్ కంపెనీని నెలకొల్పాడు. ఆనాటి పద్ధతిలో గుడారాలు, తిండి సామగ్రి, వంటవారు అంతా కాఠ్మాండూ నుంచే తరలివెళ్లేవారు. దారిలోని ఊళ్లకు దక్కేది అంతంతమాత్రం. క్రమంగా వ్యాపారుల కోసం, బాటసారుల కోసం ఉన్న చిన్న పూటకూళ్ల ఇళ్లే విదేశీ యాత్రికులకూ ఆశ్రయమయ్యాయి. కాలీగండకీ లోయలో థకాలీ జాతి స్త్రీలు నడిపే ఇటువంటి విడిది ఇళ్లకు మంచి పేరు వచ్చింది. గుడారాలు మోసుకుపోనక్కరలేని ఈ నడక వల్ల ఖర్చు తగ్గింది. ఆ తగ్గిన ఖర్చులోనూ పల్లెకు దక్కే వాటా పెరిగింది.

ఆదాయంతో పాటు అనర్థమూ వచ్చింది. యాత్రికుల వంటకూ, స్నానానికి వేడినీళ్లకూ కొండవాలు అడవులు కరిగిపోయాయి. 1986లో ఘాంద్రుక్ గ్రామం కేంద్రంగా అన్నపూర్ణ పరిరక్షణ పథకం మొదలైంది. 7,629 చదరపు కిలోమీటర్ల ఈ ప్రాంతం నుంచి జనాన్ని ఖాళీ చేయించకుండానే ప్రకృతిని కాపాడాలన్నది దాని సంకల్పం. యాత్రికుల నుంచి వసూలు చేసే ప్రవేశ రుసుమును ఖజానాకు తరలించకుండా అక్కడి పరిరక్షణకూ, అభివృద్ధికీ వినియోగించే ఏర్పాటు జరిగింది. విడిది యజమానులు కమిటీలుగా ఏర్పడి వంటచెరకుకు బదులు కిరోసిన్ వాడకం, భోజనం ధరలు, చెత్త నిర్వహణ వంటి అంశాలపై ఉమ్మడి నియమాలు పెట్టుకున్నారు. ఊరివారికి లాభంలో వాటాతో పాటు నిర్ణయంలోనూ వాటా దక్కింది. ఆ పథకం పేరు ప్రపంచమంతటా వినబడటానికి ఇదే హేతువు.

తదనంతరం రోడ్డు వచ్చింది. ఈ శతాబ్ది తొలి రెండు దశాబ్దాల్లో ఒకవైపు జోమ్‌సోమ్ దాకా, మరోవైపు మనాంగ్ దిశగా జీపులు తిరగసాగాయి. మూడు వారాల నడకగా ప్రసిద్ధి పొందిన అన్నపూర్ణ ప్రదక్షిణలో చాలా భాగం దుమ్ము రేగే మట్టిరోడ్డుగా మారింది. ఒకప్పుడు మజిలీలుగా వెలిగిన ఊళ్లను యాత్రికులు ఇప్పుడు జీపు కిటికీలోంచి చూసి సాగిపోతున్నారు.

ఇంతమాత్రాన రోడ్డును శత్రువుగా చిత్రించడం న్యాయం కాదు. ఆ రోడ్డును కోరుకున్నవారిలో అక్కడి ప్రజలు ముందున్నారు. మార్ఫా ఆపిల్ పంటకు మార్కెట్టు కావాలి. ప్రసవ వేదన పడే తల్లిని పోఖరా ఆసుపత్రికి చేర్చాలి. పట్నవాసి తన విహారం కోసం కొండవాసిని రోడ్డు లేకుండా ఉండమని శాసించడం అన్యాయం, అహంకారం కూడా. నేపాల్‌లో దీనికి కనుగొన్న పరిష్కారం మన ఇంజనీర్లు గమనించవలసినది. రోడ్డు నది ఒక గట్టున సాగితే, అనువైన చోట్ల ఎదుటి గట్టున ఉన్న పాత పల్లెబాటలను కలిపి, ఎరుపు తెలుపు రంగు గుర్తులు వేసి ప్రత్యామ్నాయ నడకదారులను ఏర్పరిచారు. రోడ్డు వేసేనాడే ఈ ఆలోచన చేసి ఉంటే ఇంకెన్ని విడిది ఇళ్లు నిలిచేవో ఊహించవచ్చు.

ఇంటివారు ఉన్నదే ఇల్లు

మన దేశంలోనూ అనుసరణీయమైన ఉదాహరణలు లేకపోలేదు. లదాఖ్‌లోని హేమిస్ జాతీయ ఉద్యానవన పరిధిలో రుంబక్ వంటి చిన్న గ్రామాలున్నాయి. మంచు చిరుత రాత్రివేళ దొడ్డిలో దూరి ఒక్కసారిగా పలు గొర్రెలను, మేకలను చంపివేయడం, ఆగ్రహించిన పశుపోషకులు దాన్ని మట్టుబెట్టడం అక్కడి పాత కథ. 2000 తర్వాతి తొలి సంవత్సరాల్లో ఒక పరిరక్షణ సంస్థ తోడ్పాటుతో ఆ గ్రామస్థులు తమ ఇళ్లలో నడక యాత్రికులకు బస కల్పించడం మొదలుపెట్టారు. అతిథులను వంతులవారీగా ఇళ్లకు పంపే పద్ధతి పెట్టుకున్నారు. అందువల్ల మాటకారితనమో, రోడ్డుకు దగ్గరి ఇల్లో ఉన్న ఒక్కరే లాభపడే పరిస్థితి తప్పింది. ఆదాయంలో కొంత ఊరి ఉమ్మడి పరిరక్షణ నిధికి చేరుతుంది. చచ్చిన చిరుత వల్ల రైతుకు మిగిలేది పగ ఒక్కటే. బతికున్న చిరుతను చూడవచ్చిన అతిథి వల్ల పిల్లల ఫీజు చేతికందుతుంది. పదుల సంఖ్యలో చట్టాలు సాధించలేనిది ఈ చిన్న లెక్క సాధించింది.

ఉత్తరాఖండ్ పిఠోరాగఢ్ జిల్లాలో, పంచచూలి శిఖరాలకు ఎదురుగా ఉన్న సర్మోలీ గ్రామంలో రెండు దశాబ్దాలుగా స్త్రీలు తమ ఇళ్లలో బస నడుపుతున్నారు. ఇది అక్కడి వన పంచాయతీ సంరక్షణ కృషితో ముడిపడి సాగింది. కుమావూ ప్రాంతంలో వన పంచాయతీలకు 1931 నుంచే చట్టబద్ధత ఉన్నది. ఊరి అడవి బాగుంటేనే ఊట ఉంటుంది, ఊట ఉంటేనే అతిథి ఉంటాడన్న ఎరుక అక్కడ పని చేసింది. 2023లో కేంద్ర పర్యాటక శాఖ సర్మోలీని ఉత్తమ పర్యాటక గ్రామంగా గుర్తించింది.

ఈ నమూనాలకు ముప్పు వాటి పేరుతోనే పొంచి ఉన్నది. కేంద్ర ప్రభుత్వ మార్గదర్శకాల ప్రకారం ఇటువంటి బసలో ఒకటి నుంచి ఆరు గదులు మాత్రమే ఉండాలి. యజమాని కుటుంబం ఆ ఇంట్లోనే నివసించాలి. ఆచరణలో జరుగుతున్నది వేరు. నగరవాసి కొండవాలున స్థలం కొంటాడు, లేదా దీర్ఘకాలిక కౌలుకు తీసుకుంటాడు. కాంక్రీటు కట్టడం లేపుతాడు. జీతానికి ఒక మేనేజరును పెడతాడు. బోర్డు మీద మాత్రం హోంస్టే అని రాయిస్తాడు. హోటలుకు వర్తించే పన్నులు, వాణిజ్య విద్యుత్ చార్జీలు, అగ్నిమాపక నిబంధనలు తప్పించుకోవడానికి ఈ పేరు చాలు. నిన్నటి భూయజమాని అక్కడే గదులు ఊడ్చే కూలీగా చేరుతాడు. ఇంటివారు లేని ఇంటిని హోంస్టే అనడం పెళ్లికూతురు లేని పీటలను పెళ్లి అనడమే అవుతుంది. రాయితీలు ఇచ్చే ముందు యజమాని ఓటరు కార్డు ఏ ఊళ్లో ఉన్నదో చూడటం అధికారులకు కష్టమైన పనేమీ కాదు.

గది లేనివారి మాట

మరొక చేదు నిజాన్ని కూడా ఇక్కడ ప్రస్తావించక తప్పదు. అతిథికి ఇవ్వడానికి అదనపు గది ఉండాలంటే ముందు ఇల్లు ఉండాలి, పొలం ఉండాలి, మరుగుదొడ్డి ఉండాలి, చేతిలో కాస్త పెట్టుబడి ఉండాలి. ఏ ఊళ్లోనైనా ఇవన్నీ ఉన్నది పై వర్గాలకే. దళితవాడలోని ఇంట బస చేసి, వారి పొయ్యి మీద వండినది తినడానికి మన పట్నవాసి అతిథుల్లో ఎందరు సిద్ధపడతారన్నది మనస్సాక్షి మీద చేయి వేసుకుని చెప్పవలసిన మాట. అందువల్ల పర్యాటకం గ్రామానికి మేలు చేస్తుందని గంపగుత్తగా చెప్పడం చాలదు. గ్రామంలో ఎవరికి అన్నది తేలాలి. వంతుల పద్ధతి, ఉమ్మడి నిధి, గది లేనివారికి దారిచూపే గైడుగా, కూరగాయలు సరఫరా చేసేవారుగా, బాట మరమ్మతు చేసేవారుగా నికరమైన వాటా వంటి ఏర్పాట్లు లేకపోతే పాత అసమానత కొత్త బోర్డు తగిలించుకుంటుంది. అట్లాగే బస అంటే స్త్రీకి మరో పూట వంట, మరో జత దుప్పట్ల ఉతుకు. ఆ శ్రమకు వచ్చిన సొమ్ము ఆమె పేరిట బ్యాంకు ఖాతాలో పడితేనే దాన్ని స్వావలంబన అనగలం.

ప్రాణభద్రత విషయంలోనూ నిర్లక్ష్యం తగదు. 2014 అక్టోబరులో అన్నపూర్ణ ప్రాంతంలోని థోరాంగ్ కనుమ పరిసరాల్లో విరుచుకుపడిన మంచు తుపానుకు 40 మందికి పైగా బలయ్యారు. వారిలో విదేశీ యాత్రికులతో పాటు నేపాలీ గైడ్లు, కూలీలూ ఉన్నారు. 2024 జూన్‌లో ఉత్తరాఖండ్‌లోని సహస్రతాల్ మార్గంలో వాతావరణం వికటించి కర్ణాటకకు చెందిన 9 మంది నడక యాత్రికులు ప్రాణాలు కోల్పోయారు. ఎత్తయిన పచ్చిక మైదానాల్లో గుడారాల తాకిడిని అరికట్టేందుకు ఆ రాష్ట్ర హైకోర్టు 2018లోనే రాత్రి బసను నిషేధించవలసి వచ్చింది. శిఖరం ఎక్కామన్న గొప్ప కోసం సాగే యాత్రల కంటే ఊరి నుంచి ఊరికి సాగే నడక ఎన్నో రెట్లు క్షేమకరం. చీకటి పడేసరికి తలుపు తట్టడానికి ఒక ఇల్లు, ఆకాశం చూసి రేపటి వాన చెప్పగల ఒక ఇంటి పెద్ద ఉండటమే అందులోని రక్షణ.

భూటాన్ మరో మార్గం ఎంచుకున్నది. విదేశీ యాత్రికుని నుంచి రాత్రికి ఇంతని రుసుము వసూలు చేసి సంఖ్యను అదుపులో ఉంచుతున్నది. 2022 సెప్టెంబరులో ఆ రుసుమును 200 డాలర్లకు పెంచి, మరుసటి ఏడాది 100 డాలర్లకు తగ్గించింది. అదే 2022లో హా నుంచి ట్రాషిగాంగ్ వరకు 403 కిలోమీటర్ల ప్రాచీన మార్గాన్ని పునరుద్ధరించి నడక యాత్రికులకు తెరిచింది. మోటారు రోడ్డు రాకముందు వార్తాహరులు, యాత్రికులు తిరిగిన దారి అది. చిన్న దేశానికి చెల్లిన రుసుము విధానం మన దేశానికి అతకదు. కానీ పాత బాటను జాతీయ సంపదగా గుర్తించి బాగుచేయించిన దూరదృష్టి ఏ దేశానికైనా ఆదర్శమే.

పుంతలూ డొంకలూ పోయాక

మన చట్టాల్లో లోపించినది సరిగ్గా ఆ గుర్తింపే. ఇంగ్లండులో 1949 నాటి చట్టం గ్రామీణ కాలిబాటలన్నిటినీ పటాలకెక్కించమని స్థానిక సంస్థలను ఆదేశించింది. బాట ప్రైవేటు పొలం గుండా సాగినా దాన్ని మూసివేసే హక్కు పొలం యజమానికి లేదు. 1965లో ప్రారంభమైన 268 మైళ్ల పెన్నైన్ మార్గం ఆ పునాది మీదనే నిలిచింది. ఆ దారుల వెంట ఉన్న పల్లె కుటీరాలు నేటికీ అతిథులకు బస కల్పిస్తూ బతుకుతున్నాయి. మన గ్రామ పటాల్లోనూ పుంతలు, డొంకలు ప్రజల దారులుగా నమోదై ఉన్నాయి. నేల మీద చూస్తే పొలం గట్టు జరిగి జరిగి పుంత మాయమైంది. ముళ్లకంపతో డొంక మూసుకుపోయింది. అడవి బాటల సంగతి మరీ ఘోరం. తరతరాలుగా తాము నడిచిన దారిలోనే నడిచినందుకు అడవి బిడ్డలు అటవీ సిబ్బందికి జవాబు చెప్పుకోవలసి వస్తున్నది.

తెలుగునాట ఈ చర్చకు అరకు, పాడేరు కొండలు తక్షణ సందర్భం. శీతకాలం రాగానే విశాఖ నుంచి రైళ్లు, కార్లు అరకుకు బారులు తీరుతాయి. వంజంగి కొండపై మబ్బుల సముద్రాన్ని చూడటానికి తెల్లవారుజామునే వాహనాలు క్యూ కడతాయి. వచ్చినవారిలో అధిక సంఖ్యాకులు పూటలో చూసి, ప్లాస్టిక్ సీసాలు వదిలి, సాయంత్రానికి తిరుగుముఖం పడతారు. సిల్వర్ ఓక్ నీడన కాఫీ తోటలు, వాటి నడుమ మిరియపు తీగలు, వారపు సంతకు గూడేల నుంచి జనం నడిచివచ్చే సన్నని బాటలు అక్కడ ఉన్నాయి. కొత్తగా ఏ బాటా వేయనక్కరలేదు. సంత దారులే నడక దారులు. గూడెంలో ఒక రాత్రి నిలిచే అతిథి, పూటలో పోయే పదిమంది కంటే ఆ గూడేనికి ఎక్కువ మేలు చేస్తాడు.

షెడ్యూల్డు ప్రాంతాల్లో గిరిజనేతరులకు భూ బదలాయింపును నిషేధించే 1/70 చట్టం ఇక్కడ రక్షణ కవచం. 1997లో సమతా కేసులో సుప్రీంకోర్టు తీర్పు దాన్ని మరింత బలపరిచింది. పర్యాటకానికి ఈ చట్టం ఆటంకమన్న వాదన అప్పుడప్పుడూ వినవస్తున్నది. వాస్తవానికి ఇల్లు గిరిజనుని చేతిలో ఉండటానికి హామీ ఇచ్చేది ఆ చట్టమే కనుక, నిజమైన హోంస్టేకు అంతకంటే మించిన ఆధారం లేదు. భయపడవలసినది బినామీల గురించి. గిరిజనుని పేరిట లైసెన్సు, మైదాన ప్రాంత వ్యాపారి పెట్టుబడి అనే పద్ధతిని మొదట్లోనే తుంచకపోతే వెయ్యి హోంస్టేల పథకం వెయ్యి రిసార్టులకు దొడ్డిదారి అవుతుంది. ఏ గూడెం గుండా నడకదారి సాగాలి, రోజుకు ఎందరు రావాలి, రుసుము ఎంత అన్నవి 1996 నాటి పెసా చట్టం స్ఫూర్తితో గ్రామసభ నిర్ణయించాలి. అతిథులు తమకు వద్దనే హక్కు కూడా ఆ సభకు ఉండాలి.

ప్రభుత్వాలు చేయవలసినది కోట్ల రూపాయల పని కాదు. పాత కాలిబాటలను సర్వే చేయించి పటాలకెక్కించి చట్టబద్ధమైన రక్షణ కల్పించాలి. కొత్త రోడ్డు మంజూరైనప్పుడే దాని అంచనాల్లో నడకదారికి వేరు మార్గం చేర్చాలి. యజమాని నివసించని కట్టడానికి హోంస్టే రాయితీలు నిలిపివేయాలి. ప్రవేశ రుసుమును జిల్లా కేంద్రానికి తరలించక ఊరి చేతికే అప్పగించాలి. వీటిలో ఏ ఒక్కటీ శిలాఫలకానికీ, రిబ్బను కత్తిరింపుకీ అనువైనది కాదు. బహుశా అందుకే ఇన్నాళ్లూ ఎవరి దృష్టికీ రాలేదు.

చట్టీలు పోయినప్పుడు వాటి విలువ లెక్కగట్టినవారు లేరు. ఇప్పుడు లెక్కలు తెలుసు, పొరుగువారి అనుభవం తెలుసు, చట్టాలూ చేతిలో ఉన్నాయి. ఇకమీదట కూడా ఒక్కొక్క బాటనే పోగొట్టుకుంటూ, బాట లేని చోట గదులు కట్టుకోమని అప్పులిస్తే, ఆ అప్పు తీర్చలేక వలసపోయే గిరిజనుని ఖాళీ ఇల్లు మరో నివేదికలో మరో అంకెగా మిగులుతుంది.